మేక మేసిన పదిహేడో ఆకు

ఆ రోజుల్లో నా చొక్కా జేబులో దువ్వెనకు బదులు మెత్తటి బ్రష్షు ఉండేది. అనంతపురంలో లైబ్రరీ సైన్సు చదువుతున్నాను. పుస్తకాలను వరుసలో పెట్టడం నేర్చుకుందామని చేరినవాణ్ణి, చిరిగిన కాగితాన్ని మళ్లీ బతికించవచ్చని తెలిశాక మనిషిని మనిషిలా లేను. చిరుగు కనబడితే చాలు, మైదా జిగురు, పల్చటి టిష్యూ కాగితం తీసేవాణ్ణి. (హాస్టల్ మెస్సు గోడమీది మెనూను కూడా వదల్లేదు. అందుకే నా పేరు 'మైదా' అయింది.)

తాళపత్రాలు శుభ్రం చేయడంలో రెండు రోజుల శిక్షణ పూర్తయిందో లేదో, బెళుగుప్ప వైపు పల్లె నుంచి వచ్చిన నా సహాధ్యాయి ఒక మాట చెవిన వేశాడు. "రేయ్ మైదా, మా అవ్వ కాడ తాటాకుల కట్ట ఉండాది. ఉగాదికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాది. దాంట్లో ఏముండాదో ఎవురికీ తెలీదు." మర్నాడే బస్సెక్కాం. అది ఎవరూ చూడని మహాకావ్యమనీ, పేపర్లో నా ఫొటో పడుతుందనీ దిగేలోపే తీర్మానించేసుకున్నాను.

అవ్వ కట్టను ఒళ్లో పెట్టుకొని నన్ను ఎగాదిగా చూసింది. "ఇది మా మామ చేత్తో రాసింది నాయనా. నేను కోడలుగా వచ్చిన ఏడే ఆయప్ప పోయినాడు. పాడు చేయవు గదా?"

"నేర్చుకొని వచ్చినానవ్వా!" అన్నాను. (ఎన్ని రోజులో చెప్పలేదు.)

దారం విప్పేముందు ఆకుల వరుస రాసుకోవాలన్నది మొదటి పాఠం. ఆ ఉత్సాహంలో అదే మరిచిపోయాను. అరుగు మీద కూర్చొని దారం తెంపానో లేదో, ఆషాఢం గాలి ఒక్క విసురు విసిరింది. ఆకులన్నీ శనక్కాయ చేలోకి లేచిపోయాయి. "పట్టుకోండప్పా! ఆడ, ఆడ!" అని అవ్వ అరుపు. వెనకాల నేను, అవ్వ మనవడు, వీధిలో సగం మంది. పంచె ఎగ్గట్టి ఒకాయన కంచె దూకాడు. తిరిగొచ్చేసరికి అవ్వ కళ్లనిండా నీళ్లు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

దొరికిన ఒక్కో ఆకుకూ దీపపు మసి, నిమ్మగడ్డి నూనె కలిపి రుద్దాను. మాసిపోయిన అక్షరాలు నల్లగా తేలాయి, అంచున అంకెలతో సహా! ప్రాణం లేచివచ్చింది. వరుస పేర్చాను. పదిహేడు మాత్రం లేదు. పక్కనే ఒక మేక తీరిగ్గా నములుతోంది.

కావ్యం కాదు, పశువైద్యం. పదహారో ఆకు చివర "మేకకు కడుపు ఉబ్బినచో" అని ఉంది. పద్దెనిమిది "మూడు దినములలో నిమ్మళించును" అని మొదలైంది. బిక్కమొహంతో చదివి వినిపించాను.

అవ్వ పకపకా నవ్వింది. "మందు తినేసినాది గదప్పా, ఇంగ దానికి కడుపుబ్బదులే!" తర్వాత గొంతు తగ్గించి, "ఇంగా చదువు నాయనా. మా మామ అచ్చం ఇట్లనే చెప్తాండె," అంది. పొద్దుగుంకేదాకా ఎద్దుల గిట్టలూ, గొర్రెల దగ్గులూ చదువుతూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు ఏసీ గది ఉంది, చేతికి తొడుగులున్నాయి. ఏ దారాన్నీ తొందరపడి తెంపను. అప్పటి ఆ మైదాగాడు వచ్చి ఉద్యోగమడిగితే ఇవ్వనుగాక ఇవ్వను. కానీ ఒక్క మధ్యాహ్నం వాడితోపాటు ఆ గాలి వెంట పరిగెత్తమంటే, తొడుగులు ఊడదీసి మరీ వెళ్తాను.