లస్మయ్య చేతులు జేబులో పెట్టుకున్న రోజు

లస్మయ్య నోటితో ఒక మాట అంటే చేతులతో పది మాటలంటాడు. సూరత్ డిండోలిలో ఎవరినడిగినా ముందు ఇదే చెబుతారు.

దీనికి మూలం సాంచాల కార్ఖానా. బట్ట నేసే సాంచాలు వంద ఒక్కసారి మోగుతుంటే పక్కవాడి కేక కూడా వినపడదు. అందుకని అక్కడ అందరూ సైగలతోనే నడుపుకుంటారు. రెండు వేళ్లు కొక్కెంలా తగిలించి విడదీస్తే దారం తెగిందని. పొట్ట ముందు గాలిలో పెద్ద కుండను నిమిరితే సేఠ్ వస్తున్నాడని. మోచేతులు రెండూ అడ్డంగా పెట్టి ఊపితే సాంచ బంద్ చేసి, సంచి సర్దుకుని ఇంటికి పొమ్మని. షిఫ్టు దిగగానే మిగతావాళ్లు చేతులు కడుక్కుని మామూలు మనుషులవుతారు. లస్మయ్య మాత్రం ఆ చేతుల్ని అలాగే ఇంటికి తెచ్చుకుంటాడు.

ఫోన్లో కూడా అంతే. బర్రె ఈనిందని ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే, సెల్లు భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఎదురుగా భార్య గంగవ్వ బెండకాయలు కోసుకుంటుంటే, గడపలో నిలబడి కొమ్ములు, తోక, కిందపడ్డ దూడ అన్నీ గాలిలో గీసిపారేశాడు.

"బావా, గది వీడియో కాల్ గాదే! నీ తమ్మునికి కొమ్ములెట్ల కనపడ్తయ్?" అన్నాడు పక్కింటి రఘుపతి.

"కనపడకపోతే మానె. చేతులకు గూడ జర ముచ్చట గావాలె గద."

ఇంకోసారి ఉధ్నా రోడ్డుకు అవతల గంగవ్వ కూరగాయల బండి దగ్గర ఉంటే, ఇవతల నుంచి లస్మయ్య "టమాటలు మెత్తగున్నయ్, వద్దు" అని సైగ చేశాడు. రెండు వైపులా ట్రాఫిక్ ఆగిపోయింది. ఒక సిటీ బస్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ట్రాఫిక్ పోలీసు తన విజిల్ తీసి లస్మయ్య చేతిలో పెట్టబోయాడని రఘుపతి చెబుతాడు. రఘుపతి చెప్పినదాంట్లో సగం తీసేయాలి. బస్సు మాత్రం నిజం.

బతుకమ్మ రోజుల్లోనైతే చెప్పనే అక్కర్లేదు. ఆడవాళ్లు చుట్టూ తిరిగి పాడుతుంటే, ఈయన ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి పాటంతా చేతులతో ఆడేవాడు. "నువ్వు గూడ చీర కట్టుకో రాదే!" అని మగవాళ్లు ఈలలు వేసేవారు. లస్మయ్య ఆగేవాడు కాదు.

రఘుపతి పదో తరగతి మధ్యలో బడి మానేశాడు. తను మానలేదనీ, తన తెలివి తట్టుకోలేక బడే తనను మానేసిందనీ అంటాడు. తెలుగు నేతవాళ్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కార్ఖానా కాపలాదారు తిలక్‌ది నేపాల్. అతని కూతురు సృజన బుట్వల్ దాటాక కొండమీద, వినపడని పిల్లల ఆశ్రమంలో ఉంటుంది. ఏటా చలికాలానికి ముందు సంఘం ఆ ఆశ్రమానికి దుప్పట్ల బట్ట పంపుతుంది. "మన దుప్పటి కప్పంది అక్కడి కొండలకు గూడ నిద్రపట్టది" అని రఘుపతి ప్రచారం.

ఈ దీపావళికి సాంచాలు బంద్ కాగానే, వెళ్లి చూసి రావాలనుకున్నారు. పాస్‌పోర్టు అక్కర్లేని పరదేశం. అయినా రఘుపతి "ఫారిన్ పోతున్న" అని నల్ల కళ్లద్దాలు కొన్నాడు. తోడుగా లస్మయ్య, గంగవ్వ.

ఆశ్రమం నడిపే శారదా దీదీ ముందే ఫోన్లో చెప్పింది. చూడ్డానికి వచ్చినవాళ్లు చేతులు ఊపి పిల్లలను వెక్కిరిస్తున్నారట. పిల్లలు నొచ్చుకుని గదుల్లోంచి బయటికి రావడం లేదట. అందుకే ఎవరికీ గేటు తీయడం మానేసింది. తిలక్ మాట మీద వీళ్లకు మాత్రమే తీస్తోంది. మళ్లీ అలా జరిగితే ఇక ఎప్పటికీ తీయదు.

రఘుపతికి లస్మయ్య చేతులు గుర్తొచ్చాయి. గేటు ముందు ఆపి గట్టిగా చెప్పాడు.

"బావా, నీ కాళ్లు మొక్కుత. చేతులు జేబుల పెట్టుకో. మళ్ల బయటికొచ్చేదాక తియ్యకు. పిల్లలు నొచ్చుకుంటే మన బట్ట గూడ ముట్టరు."

లస్మయ్య ఒకసారి భార్య వైపు చూశాడు. "మరి గంగవ్వకు..."

"గంగక్కకేంది?"

"ఏం లేదు తియ్" అని చేతులు జేబుల్లో కుక్కుకున్నాడు.

లోపల మంచాల మీద పరిచినవన్నీ డిండోలి దుప్పట్లే. రఘుపతి హిందీలో ఉపన్యాసం ఎత్తుకుంటే దీదీ దాన్ని సైగల్లోకి మారుస్తోంది. పిల్లలు మర్యాదగా ఆవలిస్తున్నారు. అది అయ్యాక దీదీ గంగవ్వ వెనక నుంచి "అమ్మా, చాయ్‌లో చక్కెర ఎంత?" అని అడిగింది. గంగవ్వ పలకలేదు. దీదీ ముందుకొచ్చి మళ్లీ అడిగితే, "ముగ్గురు. అందరి పెండ్లిళ్లు అయినయ్" అంది.

ప్రయాణం బడలికేమో అనుకున్నాడు రఘుపతి. గంగవ్వ ఓ మూల బెంచీ మీద తల వంచుకుని కూర్చుంది. ఎప్పుడూ గలగలమనే మనిషి అలా ముడుచుకుపోవడం ఆయన చూడలేదు. లస్మయ్య జేబుల్లో పిడికిళ్లు సంచిలో పిల్లికూనల్లా కదులుతున్నాయి.

అప్పుడు సృజన గంగవ్వ దగ్గరికి వచ్చింది. తన చెవి చూపించి వేలు అడ్డంగా ఊపింది. ఆ వేలినే గంగవ్వ చెవి వైపు చూపించి, నీక్కూడానా అన్నట్టు తల పక్కకు వంచింది. గంగవ్వ భర్త వైపు చూసింది. తర్వాత మెల్లగా తలూపింది.

లస్మయ్య చేతులు బయటికొచ్చాయి.

అయిపోయింది, గేటు మూసుకుందని రఘుపతి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి పిల్లలంతా వాళ్లిద్దరి చుట్టూ ఉన్నారు. వాళ్ల చేతుల్లో దారం తెగింది, కలిసింది, సాంచ ఉరికింది, దుప్పటి అయింది. మొగుడు మొదలుపెడితే పెళ్లాం ముగిస్తోంది. ఆఖరికి లస్మయ్య, ఈయన మా పెద్దమనిషి అని చెప్పడానికి, రఘుపతిని చూపించి సేఠ్ సైగ చేశాడు. గాలిలో కుండను నిమిరాడు.

పిల్లలు నేలమీద దొర్లి నవ్వారు. దీదీ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమీ అనుకోకండి. మీకు ఎన్నో నెల అని అడుగుతున్నారు."

వసారాలో చాయ్ తాగుతూ రఘుపతి నల్ల కళ్లద్దాలు తీశాడు. గడపలో బర్రె కొమ్ములు, రోడ్డుకు అవతల టమాటలు, కుర్చీ మీద బతుకమ్మ. అన్నిటికీ ఎదుట గంగవ్వే.

"అక్కకు ఎప్పటి సంది వినపడ్తలేదు?"

"శానా ఏండ్లాయె. నాతోటి కార్ఖానాల పన్జేసింది గద, సాంచాల మోత తినేసింది."

"నాకొక్కనికన్న చెప్పద్దా?"

"నీకు చెప్తే సూరత్ మొత్తానికి వినపడ్తది గద!" లస్మయ్య నవ్వాడు. "చెవిటిదని నవ్వితే అది గడప దాటది. నన్ను పిచ్చోడంటే నాకేం పోయింది? పిచ్చోని పెండ్లాం బతుకమ్మ ఆడొచ్చు."

వచ్చేటప్పుడు దీదీ గేటు దాకా వచ్చి, వచ్చే దీపావళికి మళ్లీ రమ్మంది. అప్పటికి పుట్టిన బిడ్డను కూడా తెమ్మన్నారట పిల్లలు.

తిరుగు ప్రయాణంలో గోరఖ్‌పూర్ స్టేషన్లో రఘుపతి చాయ్ కోసం దిగాడు. చాయ్ అయిపోయింది. కిటికీలో గంగవ్వ కనబడింది. ఇక మీదట అక్కతో తనూ చేతులతోనే మాట్లాడాలని ఒట్టుపెట్టుకున్నాడు కదా, చాయ్ బంద్ అని మోచేతులు అడ్డంగా పెట్టి ఊపాడు. గంగవ్వ సంచి సర్దుకుని రైలు దిగేసింది. లస్మయ్య వెనకాలే దిగాడు. రైలు కూత వేసింది.

"బావా, ఎక్కుమని చెప్పు అక్కకు! బండి పోతది!"

"జేబుల పెట్టుకోమన్నది నువ్వే గదా, అధ్యక్షా" అని లస్మయ్య తన చేతులు జేబుల్లోనే ఉంచుకున్నాడు.

రఘుపతి ప్లాట్‌ఫాం మధ్య నిలబడి రెండు చేతులూ విసిరి విసిరి ఊపాడు. గంగవ్వ పకపకా నవ్వుతూ రైలెక్కింది. అవతలి పట్టాల మీద వస్తున్న గూడ్సు బండి మాత్రం ఆగిపోయింది.