కర్నూల్లో రెండు వందల లీటర్ల సముద్రం

ఏప్రిల్ రెండో తేదీ ఉదయం కడప నుంచి పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. ఆరేళ్ల క్రితం మేం కడప విడిచి కర్నూలుకు మారేటప్పుడు నా ఉప్పునీటి అక్వేరియం విప్పి మూటగట్టాం. అందులో మిగిలిన ఒక్క చేపను, నారింజ రంగు ఒంటికి మూడు తెల్ల పట్టీలున్నదాన్ని, ఆయన క్లినిక్‌లోని తొట్టిలో వదిలి వచ్చాను.

"అమ్మా, నెలాఖరుకు క్లినిక్ మూసేస్తాండా. మీ చేపను తీసుకుపోండి. ఈడ ఉప్పునీళ్ల చేపను పెట్టుకునేవాళ్లు ఎవురూ లేరు. మంచినీళ్లలో వేస్తే పూట కూడా బతకదు."

ఉన్నవి ఇరవై ఎనిమిది రోజులు. తొట్టి కుదురుకోవడానికి, అంటే నీటిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరిగి చేప మలినాన్ని తినడం మొదలుపెట్టడానికి, ఇంచుమించు అన్నే పడతాయి. ఆ సాయంత్రమే అటక మీది సామాను దింపించాను. హీటరు బయటపడగానే మా ఆయన నవ్వాడు.

"ఏమే, ఏప్రిల్లో, కర్నూల్లో, హీటరా? ఎవురికి చలేస్తాండాది?"

హీటరు మళ్లీ అటక ఎక్కింది.

మా వీధికి కొళాయి నీళ్లు రెండు రోజులకొకసారి వస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఊరంతా తిట్టుకుంటూ శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు కొంటుంది. అలాంటి ఇరవై లీటర్ల క్యాన్లు పది తెప్పించాను. ఆటో ఆయన దించుతూ అడిగాడు.

"ఏమ్మా, ఇంట్లో పెండ్లి ఉండాదా?"

"లేదప్పా. సముద్రం చేస్తాండాం."

కడపటి రెండు క్యాన్లు గడప బయటే పెట్టి పోయాడు.

అయిదో తేదీన హైదరాబాదు నుంచి అక్వేరియం ఉప్పు వచ్చింది. ఊరగాయకు తెచ్చిన కల్లుప్పు ఉండగా వేరే ఉప్పెందుకని, అదీ సముద్రంలోదే గదా అని మా ఆయన వాదన. నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని; వాదనలు వినను, తూస్తాను. లీటరుకు ముప్పై అయిదు గ్రాములు, రెండు వందల లీటర్లకు ఏడు కిలోలు.

మరుసటి రోజు నుంచే సముద్రం ఎండడం మొదలైంది. మా ఎండలకు రోజుకు రెండు లీటర్లు ఆవిరయ్యేవి. పొద్దున్నే కాఫీ తాగకముందే రెండు లీటర్ల నీళ్లలో డెబ్బై గ్రాముల ఉప్పు కలిపి, తగ్గినంతా గీత దాకా నింపేదాన్ని. నోటుబుక్కులో టిక్కు పెట్టేదాన్ని. ఉప్పు కొలిచే మీటరు మాత్రం నా మాట వినలేదు. మొదటి వారం ముప్పై ఏడు చూపింది, రెండో వారం ముప్పై తొమ్మిది దాటింది. ఆరేళ్లు అటక మీద పడి ఉన్న వస్తువు కదా. "మీటరుకు మతి పోయింది" అని రాసి, దాన్ని డబ్బాలో పెట్టేశాను.

ఇరవై తొమ్మిదో తేదీన మా వదిన, అంటే మా ఆయన అక్క, ఊరగాయ పెట్టడానికి నందికొట్కూరు నుంచి వచ్చింది. ఆమె బడికి పోలేదు. ఉప్పును గుప్పిలితో కొలుస్తుంది. ఆ గుప్పిలి ఎన్ని గ్రాములో తేల్చాలని ఒకసారి నా త్రాసులో పోయించాను. మూడుసార్లకు మూడు తూకాలు వచ్చాయి. ఊరగాయ మాత్రం ఎప్పుడూ బాగానే కుదిరేది. ఆ సంగతి నోటుబుక్కులో రాయలేదు.

ఆమె కాయలు తుడుస్తూ నా వైపు చూసింది.

"ఏమ్మే, ఏం పోస్తాండావు దాంట్లో?"

"ఉప్పునీళ్లు వదినా. దినామూ ఆవిరైపోతాండాయి. పోయినన్ని పోస్తాండా."

"ఉప్పు గూడా ఆవిరైతాదా?"

పాఠం చెప్పడానికి నోరు తెరిచాను. చేతిలోని ఉప్పునీళ్ల చెంబు కింద పెట్టేశాను.

"పులుసు ఇగిరిపోతే నీళ్లు పోస్తాం గాని, మళ్లా ఉప్పేస్తామా?" అంది మా వదిన, ఇంకో కాయ అందుకుంటూ.

మా ఆయన పేపరు మడిచాడు. "ముప్పై ఏండ్లు పిల్లోల్లకు గోడకుర్చీ ఏయించినావు. ఇప్పుడు నీకెవురు ఏయించాల?"

ఇరవై నాలుగు రోజులు, రోజుకు డెబ్బై గ్రాములు. వెయ్యిన్ని ఆరు వందల ఎనభై గ్రాముల ఉప్పు అదనం. డబ్బాలోంచి మీటరు తీసి చూస్తే నలభై మూడు దాటి చూపుతోంది. దానికి మతి బాగానే ఉంది. మరునాడు ఆ ముసలి చేపను ఆ నీళ్లలో వదిలి ఉంటే, దాన్ని నేనే చేజేతులా ఉప్పులో ఊరేసినట్టయ్యేది.

రెండు క్యాన్ల ఉప్పునీళ్లు తోడి పారబోశాం, రెండు క్యాన్ల మంచినీళ్లు పోశాం. ఈసారి తోడింది మా వదిన, కొలిచింది నేను. రాత్రికి మీటరు ముప్పై అయిదు దగ్గర నిలిచింది.

ముప్పయ్యో తేదీన మా ఆయన కడప పోయి, చేపను నీళ్ల సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దారి పొడుగునా పక్క సీటాయన పులుసా, వేపుడా అని అడుగుతూనే ఉన్నాడట. రెండు గంటలు బొట్టు బొట్టుగా మా నీళ్లు అలవాటు చేసి, తొట్టిలో వదిలాను. అది రాళ్ల వెనక మూలకు పోయి ఒరిగింది. గాజు మీద తట్టినా కదల్లేదు. సాయంత్రం బస్సుకు పోవలసిన మా వదిన సంచి పక్కన పెట్టి, తొట్టి ముందు పీట వేసుకుంది.

తెల్లవారి నేను తూచి వేసిన మేత అది ముట్టలేదు. గంట తర్వాత మళ్లీ తూచి వేశాను. ముట్టలేదు.

"జరుగు," అంది మా వదిన. రెండు వేళ్లతో ఒక చిటికెడు తీసి, నీళ్ల మీద విదిలించింది. చేప రాళ్ల వెనక నుంచి వంకరగా పైకి వచ్చి, ఒక్క పలుకు నోట కరుచుకుని, ఇంకో దానికి ఆగింది.

ఆ చిటికెడు ఎన్ని గ్రాములో నేను అడగలేదు.