నెట్టు అందే అరుగు

బావ బెల్లం పొట్లం తెచ్చి నా చేట పక్కన పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే అసలు మాట చెప్పాడు. యూనివర్సిటీకి పోయి బిడ్డ పెట్టె సర్దించి ఇంటికి తెచ్చుకొమ్మన్నాడు. చదివింది ఇక చాలన్నాడు.

బావ అంటే మా ఆయనకు అన్న. బోధన్ దగ్గరి ఊళ్ళో చెరుకు వేస్తాడు. మా ఆయన పోయేనాటికి బిడ్డకు పాలపళ్ళు కూడా ఊడలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో పెద్ద మాట ఈయనదే. నేను ఎదురు చెప్పింది లేదు, ఆయన మాకు చెడు చెప్పిందీ లేదు. పదో తరగతి అయ్యాక పిల్లను నా పక్కన బీడీల్లో కూర్చోబెట్టుకుంటానంటే, వద్దని కాలేజీలో చేర్పించింది ఆయనే. డిగ్రీ అయ్యాక యూనివర్సిటీ హాస్టలు దాకా రేకు పెట్టె నెత్తిన మోసిందీ ఆయనే. అలాంటి మనిషి పెట్టె వెనక్కి తెచ్చుకొమ్మంటుంటే, సగం చుట్టిన తునికాకు నా వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

ఏం చూశావు బావా అని అడిగాను. కొత్త బెల్లం పిల్లకు ఇచ్చిపోదామని యూనివర్సిటీ దగ్గర బస్సు దిగాడట. హాస్టలు దగ్గర అడిగితే, ఈ వేళకు కంప్యూటర్ల బిల్డింగు వెనక ఉంటుందని చెప్పారట. వెనక్కి పోయి చూస్తే మనుషులు తిరిగే చోటు కాదది. అటు తుమ్మ చెట్లు, ఇటు గోడ. పొద్దు గూకుతోంది. గోడ కింద ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి వరసగా కూర్చున్నారట. అందులో మన పిల్ల ఉంది. దాని పక్కన ఒక పిలగాడు. ఇద్దరి తలలూ ఒక్కచోట ఉన్నాయి. అంతవరకైనా తాను ఓర్చుకునేవాణ్ణే అన్నాడు.

"గా పోరడు దాని చెయ్యి పట్టుకున్నడు. పట్టుకొని అరచేతుల పెన్నుతోని ఏందో రాసిండు. ఇది నవ్వుకుంట రాపిచ్చుకున్నది. నేను పిలువలే, మాట్లాడలే. బెల్లం గూడ ఇయ్యకుంట మర్లిన."

బావ వెళ్ళిపోయాక చేట ముందు కూర్చున్నాను గానీ చేతులు ఆడలేదు. మా కంఠేశ్వర్ వాడలో ఒక మాట బయటపడితే ఎంతసేపట్లో ఎన్ని గడపలు ఎక్కుతుందో నాకు తెలుసు. మొగుడు లేని ఇంట్లో ఆడపిల్ల మీద మాట వస్తే అది అక్కడితో ఆగదు. కానీ నా భయం ఆ ఒక్కటే కాదు. పెట్టె ఇంటికి వచ్చిందంటే, మరునాడు నా చేట పక్కన ఇంకో చేట పడుతుంది. బిడ్డ కూడా నాలాగే నడుం వంచుకుని, తంబాకు దుమ్ముకు దగ్గుకుంటూ, ఈ గోడకే ఆనుకుని ముసలిదవుతుంది. ఆ చేటలోంచి దాన్ని లేపడానికే కదా ఇంతకాలం నేను కూర్చున్నది.

మరునాడు ఒక సంచి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. పుస్తకాలు పెట్టెలో పట్టకపోతే సంచిలో వేద్దామని. బిడ్డకు చెప్పలేదు. చెప్పి పోతే చేతులు కడుక్కుంటుందని నా అనుమానం. ఆ అరచేతిలో ఏముందో నా కళ్ళతో చూడాలి, అంతే. బస్సులో సగం దారి పోయాక ఇంకో బెంగ పట్టుకుంది. చూసి ఏం చేస్తాను? తెలుగైతే నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతాను. అంకెలు వచ్చు. ఇంగ్లీషులో ఆ పిలగాడి పేరు రాసి ఉంటే నాకెలా తెలుస్తుంది? బిడ్డనే అడిగితే అది ఏం చెబితే అదే నిజమనుకోవాలి.

బావ చెప్పిన వేళకే చేరాను. బిల్డింగు తలుపులు వేసి ఉన్నాయి. వెనక్కి తిరిగితే, ఆయన చెప్పినట్టే ఉంది. గోడ పొడుగునా సన్నటి సిమెంటు అరుగు, దాని మీద పిల్లలు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత ఇరుకుగా కూర్చున్నారు. కానీ ఒక్కరూ పక్కవాళ్ళ మొహం చూడడం లేదు. అందరి ఒళ్ళోనూ మూత తెరిచిన కంప్యూటర్లు. ఇద్దరికొకటి, ముగ్గురికొకటి. ఉండుండి ఒకరు "నాకచ్చింది" అంటున్నారు, ఇంకొకరు "నాది పోయింది" అంటున్నారు. ఒక పిలగాడైతే చంటిపిల్లను ఎత్తినట్టు కంప్యూటరును రెండు చేతులా ఎత్తి కిటికీ అద్దానికి చూపిస్తున్నాడు. అద్దం లోపల, బల్ల మీద, చిన్న డబ్బా ఒకటి పచ్చగా మినుకుమంటోంది.

నా బిడ్డ నన్ను చూసి లేచింది.

"అవ్వా, నువ్వెట్లచ్చినవ్? ఎవలకన్న ఏమన్నయిందా?"

ఎవరికీ ఏమీ కాలేదు, చెయ్యి చూపించమన్నాను. ఏ చెయ్యి అంది. రెండూ అన్నాను. ఎడమ అరచేతిలో నీలం సిరాతో రాత ఉంది. ఏమిటది అని అడిగాను.

అది పాస్‌వర్డ్ అంది. ఆ లోపలి డబ్బాలోంచి నెట్టు గాలిలో వస్తుందట, తీగ ఉండదట. బిల్డింగు మూసేశాక ఈ అరుగు దాకానే అందుతుందట. దాన్ని కంప్యూటరులోకి రానివ్వాలంటే ఈ మాట కొట్టాలి. లోపల పనిచేసే సారు రోజూ దాన్ని మార్చి బోర్డు మీద రాస్తాడట. కాగితం మీద రాసుకోనివ్వడు, బయటివాళ్ళకు పోతుందని. చేతి మీద రాసుకోండి, కడిగితే పోతుంది అంటాడట. క్లాసులో ఆలస్యమైన వాళ్ళు వచ్చేసరికి బోర్డు తుడిచి ఉంటుంది. అప్పుడు పక్కవాళ్ళ చేతిలోంచి ఎక్కించుకోవాలి. నిన్న తనకు ఆలస్యమైందట.

మాట బాగానే ఉంది. ఇంతకీ ఆ రాతకు అర్థమేమిటి అన్నాను.

"అర్థముండది అవ్వా. ఉత్తగ అక్షరాలు, అంకెలు."

అక్కడే నాకు మళ్ళీ అనుమానం లేచింది. అర్థం లేనిది ఎవరైనా పని పెట్టుకుని రాస్తారా? అందులోనూ ఆడపిల్ల చేతి మీద?

బిడ్డ చెయ్యి పట్టుకుని మళ్ళీ చూశాను. మొదట కొడవలి లాంటిది ఒకటి ఉంది. తర్వాత ఏడు. దాని పక్కన నిచ్చెన మెట్టు లాంటిది. ఆ తర్వాత బోర్లా పడ్డ చెంబు. చివర తోక ఉన్న సున్న. చదవడం రాకపోతేనేం, చూడడం వచ్చు కదా. ఒకే తీరుగా ఉండే బీడీలను చూసీ చూసీ అరిగిన కళ్ళు ఇవి. కట్టలో ఒక్కటి తేడాగా ఉన్నా నా కంటికి పొడుచుకున్నట్టు కనిపిస్తుంది.

అరుగు మీద మొదట కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్ళి నీ చెయ్యి చూపించు బిడ్డా అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి చూపించింది. కొడవలి, ఏడు, నిచ్చెన మెట్టు, చెంబు, తోక సున్న. దాని పక్కన పిలగాడి చెయ్యి పట్టుకున్నాను. అవే. వాడి పక్కనున్న పిల్ల చేతిలో చెమటకు కొంచెం అలికింది గానీ, అవే. అలా ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ అరుగు చివరి దాకా పోయాను. నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న నా బిడ్డ ఇక్కడ పెన్ను ఆపి, ఇది వద్దవ్వా, పరువు పోతుంది అంటోంది. నేను రాయమన్నాను. ఆ రోజు మాత్రం అది చున్నీతో మొహం కప్పుకుని గోడ వైపు తిరిగింది. చివర కూర్చున్న పిలగాడు చెయ్యి చాపి, నేను చూస్తున్నంతసేపూ ఊరుకుని, మెల్లగా అన్నాడు.

"పెద్దమ్మా, నాకు నౌకరి ఎప్పుడస్తదో గూడ జెర సూసి సెప్పు."

అరుగంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే వాడి పక్కన చతికిలబడ్డాను. నిన్నటి నుంచి ఛాతీ మీద ఉన్న బండ ఎవరో పక్కకు జరిపినట్టయింది.

అయినా నేను వచ్చిన పని సగమే అయింది. బావ చూసిన పిలగాడు ఎవరని అడిగాను. సన్నగా, చెవులు బయటికి ఉన్నవాడొకడు లేచి నిలబడ్డాడు. ఏర్గట్ల దిక్కు, పసుపు పండించే ఇంటివాడట. నేను చుట్టు తిప్పి మాట్లాడేదాన్ని కాదు. అందరి ముందే అడిగాను.

"నీకు నా బిడ్డ మీద ఏమన్న మనసున్నదా?"

"లేదు పెద్దమ్మా, భయమున్నది. రెండు తప్పులు కొడితే నెత్తి మీద మొడ్తది."

సంగతేమిటంటే, కంప్యూటరు వాడిది. దుబాయిలో ఉన్న వాళ్ళన్న, తను వాడింది పాతబడ్డాక పంపాడు. కానీ ఈ పిలగాడికి రెండు వేళ్ళతో తప్ప కొట్టడం రాదు. నా బిడ్డకు కంప్యూటరు లేదు, వేళ్ళున్నాయి. చిన్నప్పటి నుంచి సెలవుల్లో నా పక్కన బీడీలు చుట్టిన వేళ్ళు. పదీ పరుగెత్తుతాయి. వాడి పనీ తన పనీ ఇదే కొట్టి పంపుతుంది. అందుకే ఇద్దరి తలలూ ఒక్కచోట.

అక్కడ కూర్చుంటే మా అత్త గుర్తొచ్చింది. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా వరసలో ఒక్క ఇంటికే కరెంటు ఉండేది. పొద్దు గూకితే ఆడవాళ్ళమంతా చేటలు పట్టుకుని ఆ ఇంటి అరుగు మీదికి చేరేవాళ్ళం, ఒక్క బల్బు కింద. ఎవరింట్లో చుట్టుకున్నా అవే బీడీలు గానీ, వెలుతురు అక్కడే ఉంది మరి. ఆ ఇంట్లో పెళ్ళి కాని పిలగాడు ఉన్నాడని మా అత్తకు ఎవరో చెప్పారు. ఆమె ఒక సాయంత్రం తన చేట తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. కాసేపు చుట్టింది. మరునాటి నుంచి నాకంటే ముందే వచ్చి బల్బు కిందనే చోటు పట్టేది.

నాకూ చూపించు ఎట్లా వస్తుందో అని బిడ్డను అడిగాను. ఒకేసారి కొందరికే అందుతుందట. ఎవరైనా దిగితేనే ఇంకొకరు ఎక్కాలి. మేం వంతు కోసం కూర్చున్నాం. ఒక పిల్ల అయిపోయింది అనగానే నా బిడ్డ చెయ్యి చూసుకుంటూ కొడవలి, ఏడు కొట్టింది. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. తిరుగుతూనే ఉంది. నేను కూడా ఊపిరి బిగపట్టాను, ఎందుకో తెలియదు. చక్రం ఆగింది. "అచ్చింది" అంది బిడ్డ. చూస్తే తెల్లటి తెర, చీమల బారులాంటి ఇంగ్లీషు. బొమ్మల్లేవు, పాటల్లేవు.

"గింతేనా? గిందుకేనా గింత గోస?"

"గింతే అవ్వా. రేపటి పాఠం," అంది.

సంచి మడత విప్పకుండానే ఇంటికి వచ్చాను.

బావ మళ్ళీ ఇంటికి వచ్చినప్పుడు అంతా చెప్పాను. చేతులన్నీ చూశానని, అన్నీ ఒకే రాతని. బల్బు సంగతి కూడా చెప్పాను. ఆయన నమ్మాడు గానీ మెత్తబడలేదు. ఆడవాళ్ళు కలిసి బీడీలు చుట్టడం వేరు, ఇది వేరు అన్నాడు. జనం చేతులు పట్టుకుని చూడరు, దూరం నుంచి చూసి పోతారు అన్నాడు. అదీ నిజమే. ఆయన కూడా దూరం నుంచే చూశాడు కదా. ఆ మాటే అన్నాను.

"నువ్వు గూడ దూరం కెల్లే సూస్తివి బావా. ఒక్కసారి దగ్గరికొచ్చి కూసో. గప్పుడు గూడ పెట్టె తెమ్మంటే, నేనే మోసుకొస్త."

ఆయనకు అంత గట్టిగా నేనెప్పుడూ చెప్పలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, సరే పద అన్నాడు. లేస్తూ ఆ బెల్లం పొట్లం చంకలో పెట్టుకున్నాడు. నేను దాన్ని ముట్టలేదు, విప్పనే లేదు.

అరుగు దగ్గర బావను చూసి నా బిడ్డ నిలువునా బిగుసుకుపోయింది. పెద్దబాపు అంటూ లేవబోతే కూర్చోమన్నాడు. తాను కూర్చోలేదు. చేతులు వెనక కట్టుకుని, అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఎవరి మొహాలూ కాదు, ఏం జరుగుతోందో చూస్తున్నాడు. ఒకరు దిగుతున్నారు, వంతు కోసం కాచుకున్న వాళ్ళు ఎక్కుతున్నారు. ఎక్కినవాళ్ళు పని కాకముందే నెట్టు పోయి నెత్తి కొట్టుకుంటున్నారు. మళ్ళీ వరస చివరికి పోతున్నారు. ఆయన మొహంలో ఏదో కదిలింది. నా వైపు తిరిగాడు.

"గిది కాటా కాడ చెరుకు బండ్ల లెక్కనే ఉన్నది గదా," అన్నాడు.

చెరుకు కోతల కాలంలో ఫ్యాక్టరీ ముందు తూకం కోసం బండ్లు బారులు తీరతాయి. మొగవాళ్ళు, ఆడవాళ్ళు, అన్ని కులాలవాళ్ళు ఒకే వరసలో, బండ్ల కిందే వండుకుని, బండ్ల కిందే పడుకుని కాచుకుంటారు. అక్కడ ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారని అడిగేవాళ్ళుండరు. నా బండి కాటా ఎక్కుతుందా లేదా అనేదే లోకం. బావ బతుకంతా ఆ వరసలోనే గడిచింది. నేను చెప్పిన బల్బు ఆయనకు ఎక్కలేదు గానీ, ఆయన కాటా ఆయనకు ఎక్కింది.

అంతలో ఒక పిలగాడు తన వంతు కాకుండానే మధ్యలో దూరబోయాడు. బావ వాడి భుజం పట్టుకున్నాడు.

"ఏయ్, నీ కన్న ముందు గీ పిల్ల ఉన్నది. వరసల కూసో."

వాడు ఎవరీ ముసలాయన అన్నట్టు చూసి, వరసలోకి పోయి కూర్చున్నాడు. ఇక బావ అరుగు మీద చోటు చూసుకుని కూర్చున్నాడు. పొట్లం విప్పి బెల్లం గడ్డను గోడకు కొట్టి పగలగొట్టాడు. మొదటి ముక్క బిడ్డకు ఇచ్చాడు. రెండోది చెవులు బయటికి ఉన్న ఆ పిలగాడికి ఇచ్చాడు గానీ, ఇస్తూ వాణ్ణి ఒకసారి కిందికీ మీదికీ చూశాడు. వాడు వంచిన తల ఎత్తకుండా నమిలాడు. వేళ్ళకు బెల్లం అంటితే కంప్యూటరు ముట్టొద్దని నా బిడ్డ అందరినీ కసురుకుంది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు పెట్టె మాట ఆయనే ఎత్తాడు.

"దసరకు గూడ పిల్లను రెండు రోజులకంటె ఎక్కువ ఇంట్ల ఉంచుకోకు," అన్నాడు. "గాడ అరుగు మీద దాని జాగ పోతది."