పాల టీలో మునిగిన ఆల్బం

ఆ రోజుల్లో కొత్త పని ఏదైనా నేర్చుకోవాలంటే ఎవరో ఒక మనిషి ఎదురుగా కూర్చుని నేర్పాల్సిందే. ఇప్పటిలా ఫోను ముందు పెట్టుకుని, అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్లీ చూసుకునే వీలు లేదు. ఆ మనిషి చెప్పేటప్పుడు మనం వినాలి, విన్నది నోట్సులో సరిగ్గా రాసుకోవాలి, రాసుకున్నది ఇంటికొచ్చాక మనకే అర్థం కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఏమవుతుందో సారపాకలో మా చర్చికి వచ్చే వాళ్లందరికీ బాగా తెలుసు. నా మూలంగానే తెలుసు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, లెక్కల పేపరు సంగతి ఎవరూ అడగకపోతే చాలు దేవుడా అని రోజులు వెళ్లదీస్తున్నాను. నాన్న కాగితం మిల్లులో పని చేసేవాడు కాబట్టి ఇంట్లో దేనికి కొదవ ఉన్నా అట్టలకు మాత్రం ఉండేది కాదు. మంచం కింద అట్టలు, బియ్యం డబ్బా మీద మూతగా అట్ట, కరెంటు పోతే విసురుకోవడానికి అట్ట. ఇన్ని అట్టలున్న పిల్ల ఏదో ఒకటి నేర్చుకుంటే బాగుంటుందని ఖమ్మంలో ఉండే మా మేనత్త నన్ను పిలిపించి, వాళ్ల వీధిలో వేసవి సెలవుల్లో నడిచే పది రోజుల క్లాసులో చేర్చింది. గ్రీటింగ్ కార్డులు, ఫోటో ఆల్బం అలంకరణ, ఊలు అల్లిక. నేర్పే ఆవిడ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ప్రతి పనినీ "ఇదొక కొత్త టెక్నిక్ అమ్మాయ్" అంటూ మొదలుపెట్టేది. నాకు పని కంటే ముందు ఆ మాట వంటబట్టింది.

ఎనిమిదో రోజున నాకు గవదబిళ్లలు వచ్చాయి. ముఖం రెండు వైపులా గుమ్మడికాయలా ఉబ్బింది. అత్తయ్య దూరం నుంచే నా తలకు తువ్వాలు చుట్టి, "ఇంట్ల చిన్న పిల్లలున్నరు బిడ్డా, ఏమనుకోకు, జల్దీ ఇంటికి పో" అని మా సారపాక మీదుగా పోయే భద్రాచలం బస్సెక్కించింది. అలా ఆఖరి రెండు రోజుల పాఠాలు పోయాయి. ఆ రెండు రోజుల్లో ఏం చెప్పారో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు తెలియదు, అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

బుగ్గలు తగ్గగానే నా విద్య మొదలైంది. మొదట నాన్న పుట్టినరోజుకు, తెరవగానే లోపలి పువ్వు పైకి లేచే కార్డు చేశాను. పువ్వు గట్టిగా లేవాలని పాత టార్చిలైటులోని స్ప్రింగు పెట్టాను. నాన్న కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని తెరిచాడు. పువ్వు లేచింది. నాన్న ముక్కు పట్టుకుని, "ఇదేందే, గ్రీటింగా, ఎలుకల బోనా?" అన్నాడు. (మా ఇంట్లో విమర్శను ప్రోత్సాహంగా తీసుకునేది నేనొక్కదాన్నే.)

సరిగ్గా అప్పుడే సూదమ్మ రిటైరవుతోందన్న కబురు వచ్చింది. సూదమ్మ అంటే దవాఖానాలో నర్సు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ చుట్టుపక్కల పిల్లలందరికీ చిన్నప్పుడు సూదులు పొడిచిన మనిషి కావడంతో ఆ పేరే మిగిలింది. తెల్ల చీర, మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకున్న గడియారం, వరండాలో మాట్లాడితే గేటు దాకా వినబడే గొంతు. ఆమె వీధిలోకి వస్తే పిల్లలు మంచాల కిందికి దూరేవాళ్లు. వాళ్ల తల్లులు మాత్రం కుర్చీ వేసి, కొంగుతో తుడిచి మరీ కూర్చోబెట్టేవాళ్లు. ఎందుకంటే మంచం కింద దాక్కున్న ఆ పిల్లలను ఈ లోకంలోకి లాగిందీ ఆమే. మా మిల్లు కాలనీలోనే కాదు, అడవి పల్లెలకు కూడా అర్ధరాత్రీ అపరాత్రీ అనకుండా వెళ్లి కాన్పులు చేసిన చెయ్యి అది.

ఆమె మా చర్చి సభ్యురాలే. అందుకని స్త్రీల సమాజం వాళ్లు కూర్చుని ఏం బహుమతి ఇవ్వాలా అని ఆలోచించారు. మా సమాజం అధ్యక్షురాలికి మైకమ్మ అని పేరు. చేతిలో మైకు ఉన్నా లేకపోయినా ఒకే స్థాయిలో మాట్లాడేది. "గోడ గడియారం ఇద్దాం" అంది మైకమ్మ. "ఆమె కాడ ఇప్పటికే మూడున్నయ్" అంది ఇంకొకామె. బిందె అన్నారు, శాలువా అన్నారు. అప్పుడు వెనక వరుస నుంచి నేను లేచి, "ఆమె పురుడు పోసిన పిల్లలందరి చిన్ననాటి ఫోటోలతో ఆల్బం చేద్దాం. నాకు కొత్త టెక్నిక్‌లు వచ్చు" అన్నాను. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. మా అమ్మ ఒక్కతే నేల చూపులు చూసింది.

ముప్పై ఎనిమిది ఫోటోలు వచ్చాయి. ప్రతి తల్లీ పిల్లను అత్తారింటికి పంపినట్టు ఫోటోను నా చేతిలో పెట్టి, జాగ్రత్తలు చెప్పి, వాకిలి దాటి మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి చెప్పి వెళ్లింది. దుమ్ముగూడెం వైపు నుంచి ఒక అక్క పనిగట్టుకుని బస్సెక్కి వచ్చింది. రుమాలు విప్పి, లోపలి ప్లాస్టిక్ కవరు విప్పి ఫోటో తీసింది. ఏడాది పిల్లను ఎత్తుకున్న సూదమ్మ. "ఇదొక్కటే ఉన్నది బిడ్డా. పిల్ల ఇప్పుడు హాస్టల్ల చదువుతున్నది. చిన్నప్పటిది ఇంకోటి లేదు" అంది. "భయపడకక్కా, నాకు టెక్నిక్ తెలుసు" అన్నాను. "టెక్నిక్ అంటే ఏంది?" అని అడిగింది. నేను కాసేపు ఆలోచించి, "ఏం గాకుండ చూసుడే" అన్నాను. ఆమె నమ్మింది. ఆ నమ్మకం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నా నోట్సులో ఒక వాక్యం ఉంది: 'కాగితానికి పాతకాలపు అందం రావాలంటే టీలో ముంచి ఆరబెట్టాలి.' అంతే. టీ అంటే పాలూ చక్కెరా లేని డికాషను అని ఆ టీచరు తొమ్మిదో రోజున చెప్పే ఉంటుంది. తొమ్మిదో రోజున నేను గుమ్మడికాయ ముఖంతో సారపాకలో ఉన్నాను. ఆ బుధవారమే మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. వస్తారనుకున్న వాళ్లలో సగం మంది రాలేదు. క్యాను నిండా టీ మిగిలిపోయింది. దేవుడే సమకూర్చాడనుకుని పెద్ద బేసిన్‌లో పోసి అట్టలు ముంచడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "పాల చాయే అది! అండ్ల చక్కెర మస్తుగేసిన!"

"నాక్కావలసింది రంగే కదమ్మా."

డాబా మీద ఆరబెడితే మా ఎండకు పది నిమిషాల్లో అప్పడాల్లా అయ్యాయి. రంగు బిస్కెట్టు రంగు, వాసన కూడా బిస్కెట్టు వాసనే. వేలు పెడితే కాస్త అతుక్కుంటోంది. పాతకాలపు కాగితం అలాగే ఉంటుంది కాబోలని సరిపెట్టుకున్నాను. మైదా జిగురు ఉడికించి, లేసులూ ఎండిన పూలూ అంటించాను. ఒక్కటి మాత్రం బుద్ధిగా చేశాను. ఫోటోకు జిగురు తగలకూడదని టీచరు మొదటి రోజే చెప్పింది కాబట్టి, ప్రతి ఫోటోనూ నాలుగు మూలలా చిన్న కాగితపు జేబుల్లో దూర్చాను. ఆఖరి పేజీలో నా స్వంత ఘనకార్యం: తెరవగానే పైకి లేచే కాగితపు ఉయ్యాల. (స్ప్రింగు మాత్రం టార్చిలైటుదే.)

పక్కింటి నా స్నేహితురాలిని అందరూ డౌటు అని పిలిచేవాళ్లు. ఆమె వచ్చి పేజీలు వాసన చూసి, "చీమలు పట్టవానే?" అంది.

"కాగితాన్ని చీమలు తింటయా ఎక్కడన్న? నీకన్నీ డౌట్లే."

ఇక ఊలు సంగతి. ఆల్బంకు ఎర్ర ఊలుతో తొడుగు అల్లుదామని భద్రాచలంలో దుకాణానికి వెళ్లాను. మే నెల. దుకాణాయన నన్ను ఎగాదిగా చూసి, "ఊలా? ఇంట్ల ఎవరికన్న చలిజ్వరమా?" అని అడిగి, అటకెక్కి దుమ్ము దులిపి ఇచ్చాడు. చెమట చేతులతో అల్లుతుంటే ఎరుపు రంగు వేళ్లకు అంటింది. కొలతకు సరిపోయింది. ఆపుదామనుకున్నాను. అప్పుడు తెలిసింది, సూదుల మీద నుంచి కుట్లు తీసి ముడి పెట్టి ముగించడం ఎలాగో నాకు రాదని. అది పదో రోజు పాఠం. ఆపడం రాక, ఈలోగా ఏదైనా తట్టకపోతుందా అని ఇంకో రెండు వరుసలు, ఇంకో నాలుగు వరుసలు అల్లుకుంటూ పోయాను. అది దుప్పటా అంత పొడవైంది గానీ నాకేమీ తట్టలేదు. చివరికి దాన్ని ఆల్బం చుట్టూ కాలు విరిగినవాడికి కట్టు కట్టినట్టు చుట్టి, సూది ఊడిపోకుండా మడతలో దోపాను. "ఇదేం కవరే?" అంది డౌటు. "ఇది కొత్త టెక్నిక్" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వీడ్కోలు సభ. బయలుదేరే ముందు కట్టు మీద నాలుగైదు చీమలు కనబడితే ఉఫ్ అని ఊదేశాను. లోపల ఎన్ని ఉన్నాయో చూడాలని తట్టలేదు.

మైకమ్మ పావుగంట మాట్లాడి, "మన అమ్మాయి సొంతంగ చేసిన బహుమానం" అని నా పేరు చెప్పింది. నేను మెడ నిటారుగా పెట్టుకుని వెళ్లి ఇచ్చాను. పాస్టరయ్యగారు ఆల్బంను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అయ్యగారి ప్రార్థన ఎప్పుడూ తీరుబడిగా సాగుతుంది. ఆ రోజు మాత్రం మూడో వాక్యం దగ్గర భుజం ఎగరేశారు. నాలుగో వాక్యం దగ్గర గొంతు వణికింది. పరిశుద్ధాత్మ కదలిక అనుకుని వెనక వరుసల వాళ్లు "హల్లెలూయా" అన్నారు. అయ్యగారు ఐదో వాక్యాన్ని సగంలో వదిలి "ఆమేన్!" అని కేక పెట్టి ఆల్బంను సూదమ్మ చేతిలో పడేసి చొక్కా దులుపుకున్నారు.

సూదమ్మ మడతలోని సూది పట్టుకుని లాగింది. కట్టు జారింది. అట్ట తెరుచుకుంది. బిస్కెట్టు రంగు పేజీల మీద ఎర్ర చీమలు, లేసుల్లో చీమలు, పూలల్లో చీమలు. "అయ్యో, చీమలు!" అని మైకమ్మ మైకులోనే అరిచింది. ఎవరో తోశారు, ఆల్బం జారి ఆఖరి పేజీ తెరుచుకుంది, స్ప్రింగు లేచింది, ఉయ్యాల ఎగిరి అయ్యగారి కళ్లద్దాలను తీసుకుని ముందు వరుసలో పడింది. చీమలు కొరికేసిన కాగితపు జేబుల్లోంచి ముప్పై ఎనిమిది ఫోటోలు హాలంతా చెదిరాయి. ముప్పై ఎనిమిది మంది తల్లులు ఒక్కసారిగా లేచారు.

నాకు దుమ్ముగూడెం అక్క ముఖం ఒక్కటే కనబడింది. బెంచీల కింద నేల మీద చేతులు ఆనించి వెతుకుతోంది. నేనూ మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. కళ్లల్లో నీళ్లతో ఏ ఫోటో ఎవరిదో కూడా తెలియడం లేదు.

"ఎక్కడోళ్లక్కడ నిలవడున్రి!" గేటు దాకా వినబడే గొంతు. అందరూ ఆగిపోయాం. సూదమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని, ఒక్కొక్క ఫోటోనూ ఏరి, దులిపి, చేతిలో దొంతి పెట్టుకుంది. పై ఫోటో చూసింది. ముఖం మారిపోయింది. "వీడు కాళ్లు ముందొచ్చిండు" అంది. "తెల్లారేదాక సతాయించిండు. ఇప్పుడెట్లున్నడు?" వాడి తల్లి లేచి, "ఇప్పటికీ గట్లనే ఉన్నడమ్మా" అంది. హాలంతా నవ్వింది.

తర్వాతి ఫోటో. "ఇది గోదారి పొంగినప్పుడు పడవల పుట్టింది. పడవాయన సిగ్గుపడి కండ్లు మూసుకొని తెడ్డేసిండు. మేం రెండుసార్లు అదే గట్టుకొచ్చినం." ఆ తర్వాత కవల పిల్లల ఫోటో. కాసేపు దాన్నీ, ఎదురుగా కూర్చున్న ఆ ఇద్దరు అమ్మాయిలనూ చూసి, "ఆగున్రి. మెడ మీద మచ్చున్నదే ముందు పుట్టింది. మీరు ఉల్టా పిలుస్తున్నరు" అంది. పద్దెనిమిదేళ్లుగా అక్కా అని పిలిపించుకుని పెత్తనం చేసిన పిల్ల ముఖం చూడాలి. చెల్లెలు మాత్రం అప్పుడే వీపు నిటారు చేసుకుని కూర్చుంది.

దుమ్ముగూడెం అక్క ఫోటో చెక్కు చెదరలేదు. సూదమ్మ దాన్ని కొంగుతో తుడిచి ఆమె చేతిలో పెడుతూ, "నొప్పులు పడుకుంట నన్ను తిట్టని తిట్టు తిట్టింది ఈమె" అంది. "యాదికున్నదా?" అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అవ్" అని తలూపింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

గంటన్నర సాగింది. ఎవరూ కదల్లేదు, గోక్కుంటూనే విన్నారు. చివర్లో నా ఫోటో వచ్చింది. "ఇది పుట్టంగనే ఏడ్వలే. వీపు మీద ఒక్కటి చరిస్తే తుమ్మింది. ఈ పిల్లతోని ఏదో ఒకటయితదని అప్పుడే అనుకున్న" అంది.

ఫోటోలన్నీ తల్లులకే తిరిగి ఇచ్చేసింది. మైకమ్మ మొహమాటపడుతూ, "మరి మీకమ్మా?" అంటే, "నాకెందుకు? అందరూ యాదికున్నరు" అంది. నేను క్షమాపణ చెబుదామని వెళితే, నా మాట వినకుండా ఆ ఎర్ర అల్లికను ఒళ్లో వేసుకుని, నా సంచిలోని రెండో సూది అడిగి తీసుకుని, చకచకా కుట్లు దించి ముడి వేసేసింది. "మొదలువెట్టినోళ్లకు ఆపుడు గూడ రావాలె" అని నెత్తి మీద ఒక్కటి వేసి, మండుటెండలో దాన్ని మెడకు చుట్టుకుని ఇంటికి వెళ్లింది.

దారిపొడవునా అమ్మ నాకు నాలుగడుగుల ముందే నడిచింది. మా ఇంటి గేటు దగ్గరికి వచ్చాక అయ్యగారి ప్రార్థన గుర్తొచ్చిందేమో, గేటు పట్టుకుని ఊపిరాడకుండా నవ్వింది. ధైర్యం వచ్చి, "అమ్మా, ఈసారి క్రిస్మస్‌కు కొవ్వొత్తి మైనంతో కార్డులు చేస్తనే" అన్నాను. అమ్మ నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు నేనొక ఆఫీసులో పని చేస్తున్నాను. రెండు లైన్ల ఉత్తరం పంపాలన్నా మూడుసార్లు సరిచూసుకుంటాను, తెలియనిది తెలుసని ఎక్కడా అనను. అందరూ నెమ్మదస్తురాలంటారు. అప్పుడప్పుడు మాత్రం, మెడ మీద చీమ కుట్టిన దద్దుర్లతో గేటు దగ్గర నిలబడి మైనం గురించి ఆలోచిస్తున్న ఆ పిల్ల ఎదురుపడితే బాగుండుననిపిస్తుంది. ముందు వీపు మీద ఒక్కటి చరుస్తాను. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, "చెప్పవే, మైనాన్ని ఏం చేద్దామనుకున్నావు?" అని అడుగుతాను. నిజంగానే నాకు గుర్తులేదు.