పూత మీద మందు

పొద్దుతిరుగుడు చేనికి పొద్దున్నే మందు కొడతారన్న మాట మొదట నా చెవిన వేసింది మా ఆడబిడ్డ. ఈరన్న స్వామి పటం ముందు దీపం పెడుతున్నాను.

"వదినా, చిన్నన్న మందు డబ్బా ఎత్తుకోని చేనికి పోయినాడు" అంది.

దండం పెట్టుకుని ఆమెతోనే బయలుదేరాను. ఆదోని నుంచి ఆస్పరి పోయే దారిలో మా చేను. పూత నిండుగా ఉంది. ఏ పువ్వు చూసినా తేనెటీగే.

అంతకు ముందు యేడు ఈగలు రాలేదు. ఎమ్మిగనూరు మెత్తగుడ్డ చేతికి చుట్టుకుని, పుప్పొడి అంటేలా ఒక్కో పువ్వు ముఖం మేమే తుడిచాం. "పెండ్లికూతుర్లకు పసుపు పూస్తాండామా యేంది" అని కూలికి వచ్చినామె నవ్వింది. భుజాలు పడిపోయాయి. అయినా పువ్వు నడుమంతా తాలు గింజలే. ఈసారీ తాలు పోతే చేను కౌలుకు ఇచ్చేద్దామని మా ఆయన అనేశాడు. అలాంటప్పుడు దేవుడు పంపిన ఈగలివి.

మరిది గట్టు మీద డబ్బా వీపుకు తగిలించుకుంటున్నాడు.

"పొద్దు గూకినాక కొట్టప్పా. అప్పటికి ఈగలు తుట్టెకు పోతాయి" అన్నాను.

"పురుగు ఆకు తింటాంటే ఈగలకు మర్యాదలు చేయల్నా వదినా? అవేమన్నా మనకు సుట్టాలా?"

"సుట్టాలే. పిలవకుండా వచ్చి మన పని చేసి పోతాండాయి. నీ మాదిరి టీ కూడా అడగవు."

ఆడబిడ్డ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మరిది ముఖం మాడ్చుకుని సాల్లోకి దిగాడు. నేను అడ్డం నిలబడ్డాను. కోడలు అలా నిలబడడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అయినా పక్కకు జరగలేదు.

ఇంతలో మా అత్త వచ్చింది. బడి ముఖం చూడని నాకు ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన మనిషి. మోకాళ్ల నొప్పులతో వాకిలి దాటడమే కష్టం ఆమెకు. అలాంటిది ఆడబిడ్డ మాట విని మా వెనకే నడిచి వచ్చి, నా ముందు సాల్లో చతికిలబడింది.

"కొట్టరా. ముందు నా మీద కొట్టు."

"లెయ్యమ్మా. ఎండ ముదురుతాది."

"ముదరనీ. సంగటి మూట కట్టుకోని వచ్చినా."

మరిది డబ్బా దించేశాడు. సాయంత్రం ఈగలు పోయాకే మందు కొట్టాడు. ఆ యేడు గింజ గట్టిపడింది. చేను ఈనాటికీ మేమే చేసుకుంటున్నాం. పూత మీద పగలు మందు కొట్టేవాళ్లు ఎవరైనా సరే, ఎదురుపోయి చెబుతూనే ఉన్నాను. గయ్యాళి అంటారు, అననీ.

మా అత్త ఇప్పుడు లేదు. తన కడుపున పుట్టినవాడికే అడ్డం కూర్చున్న ఆ తల్లిని, ఇది చదివినవాళ్లు ఒక్కసారి తలచుకోండి.