ఊరు రమ్మన్న రోజే మా బస్సు

మా మేడమ్ పోయారు. గురువారం పొద్దున ఆఫీసు జీపు డ్రైవరు ఫోన్ చేసి, "అన్నా, మేడమ్ లేదు. ఖమ్మం దవాఖానల పోయింది" అన్నాడు. నేను భద్రాచలం బస్టాండులో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ టీ తాగానో పారబోశానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మా ప్రాంతీయ టూరిజం ఆఫీసుకు ఆమె అధికారి, నేను గైడును. రెండే గదులు, ఒక జీపు, గోడ మీద గోదావరి పటం. మేడమ్‌ది తిరుమలాయపాలెం వైపు వ్యవసాయ కుటుంబం. మాది కోస్తా నుంచి సత్తుపల్లికి వచ్చి భూములు కొనుక్కున్న ఇల్లు. నా మాటతీరు విని, "నీ గారూ బూరెల మర్యాద టూరిస్టుల దగ్గర పెట్టు, నాతోటి మామూలుగ మాట్లాడు" అని ఆటపట్టించేవారు.

గుళ్లో దర్శనం చేసుకుని పడవెక్కి వెళ్లిపోయే జనానికి అడవి అంచున ఉన్న ఒక కోయ ఊరిని చూపించాలని మేడమ్ తలపెట్టారు. ఊరి పెద్దతో మాట్లాడారు, సరేనన్నాడు. మొదటి బస్సు ఎండాకాలం మొదట్లో బయల్దేరింది. వాగు దాటగానే మామిడి తోపు. చెట్ల నిండా కాయలు. మా వాళ్లు రాళ్లు విసిరి రాల్చారు, కొరికారు, పుల్లగా ఉంటే పారేశారు. నేను ఆపలేదు సరికదా, సంచిలోంచి ఉప్పూ కారం పొట్లం తీసి అందరికీ పంచాను. టూరిస్టులకు సౌకర్యంగా ఉంటుందని ఇంటి దగ్గరే కలిపి తెచ్చుకున్న పొట్లం అది.

ఆ ఊళ్లో ఏటా తొలి కాపుకు చేసే కొత్త పండుగ నాడు ముందు దేవతకు పెట్టనిదే మామిడికాయ ఎవరూ ముట్టరు. చంటిపిల్లలు కూడా ముట్టరు. ఆ ఏడు పండుగ ఇంకా కాలేదు. ఆ సంగతి నేను అడగలేదు, తెలుసుకోలేదు. సాయంత్రానికల్లా ఊరి పెద్ద కబురు పంపాడు, ఇక రావద్దని.

మర్నాడు మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. జీపును తారురోడ్డు మీదే ఆపించి నడిచారు. పెద్దాయన తన ఇంటి ముందు పందిరి కింద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. మేడమ్ నిలబడే అన్నారు.

"తప్పు మాది. మా మనిషి ఉప్పు గూడ పంచిండు. ఇప్పుడు మేమేం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. రాకుంటే చాలు."

"ఎన్నాళ్లు?"

"మేం పిలిచేదాంక."

"అవ్. గట్లనే."

అంతే. ఆమె బతిమాలుతారని, ఏదో ఒకటి ఇస్తామంటారని అనుకున్నాను. తిరుగుదారిలో, "వీళ్లిక మనల్ని పిలవరండీ" అన్నాను. "పిలవకుంటె పోం. ఊరంటే మనం తెరిచి మూసే దుకాణమా?" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వు గైడువా, మామిడికాయల బండివా?" అన్నారు. నవ్వలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికే పోస్టర్లు అంటించారు. ఎండాకాలమంతా బుకింగులున్నాయి. పై అధికారి ఫోన్ చేసినప్పుడు నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఇంకో ఊరికి తిప్పమన్నాడు కాబోలు, "ఇంకో ఊర్ల గూడ మామిడిచెట్లున్నయి సార్" అన్నారు మేడమ్. కాసేపు విని, "ట్రాన్స్‌ఫర్ కాగితం పంపుండ్రి, తీసుకుంట. బస్సు మాత్రం పంప" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. రెండు టీలు చెప్పమన్నట్టే చెప్పారు.

ఆ కాగితం ఎందుకో రాలేదు. వానలు పడ్డాక ఆ పెద్దాయన ఏదో పని మీద భద్రాచలం వచ్చి, మా ఆఫీసు గడప దగ్గర ఆగాడు.

"ఇప్ప మొక్కలు పెడ్తున్నం. మనుషులు తక్కువున్నరు. మీ టూరిస్టులు మట్టి పని చేస్తరా?"

"చేస్తరు" అన్నారు మేడమ్, ఎవర్నీ అడగకుండానే.

"పదిమందికి మించొద్దు. మా పొయ్యిల మీద అంతకంటె వండలేం."

మా పద్ధతి అలా మొదలైంది. ఏ రోజు రావాలో, ఎంతమంది రావాలో ఊరే చెబుతుంది. వెళ్లినవాళ్లు ఒక పూట ఊరితో కలిసి పని చేయాలి. వానల్లో మొక్కలు, ఎండల్లో వాగు చెలమల్లో పూడిక తీత. టూరిస్టులతో మట్టి మోయిస్తారా అని పై ఆఫీసు ఆశ్చర్యపోతే, "మొయ్యనోళ్లకు గుడి ఉంది, గోదారి ఉంది సార్. మా బస్సే ఎక్కాల్నని ఏమున్నది" అన్నారు. "మనం పోయొచ్చినంక ఊరు ముందటికంటె మంచిగుండాలె. లేకుంటె పోవుడెందుకు?" అని మాకు వందసార్లు చెప్పి ఉంటారు. పూడిక తీసిన ఏడాది ఎండలు ముదిరినా చెలమల్లో నీళ్లున్నాయి. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు తయారయ్యారు, తాము నాటిన మొక్కను చూసుకోవడానికి.

బస్సు తిరిగొచ్చేసరికి మేడమ్ ఆఫీసు మెట్ల మీద ఉండేవారు. దిగిన ప్రతి ఒక్కరినీ ఒకటే అడిగేవారు: "ఎవరింట్ల తిన్నరు? ఆ తల్లి పేరేంది?" చెప్పలేకపోతే వాళ్లనేమీ అనేవారు కాదు, నా వంక చూసేవారు. "పేరు తెల్వకుంట తినొస్తే హోటల్‌కు పోయినట్టే" అని నాకు మాత్రం చీవాట్లు పడేవి. ఆ చీవాట్లు తిని తినే నేను మంచి గైడునయ్యాను. ఆమె నేర్పిన పద్ధతి ఆమెతో పోదు. నాకు ఆ ధైర్యం ఉంది.

నిన్న ఆదివారం మా ట్రిప్పు. ఊరు రమ్మన్న రోజే కాబట్టి ఆపలేదు. బస్సు వెళ్లేసరికి పెద్దాయన వాగు దాటి వచ్చి ఇవతలి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"ఇయ్యాల వద్దు. మా మనిషి పోయింది. మూడు దినాలు ఊర్లకు ఎవర్నీ రానియ్యం."

కంగారుగా అడిగాను, "అయ్యో, ఎవరు పోయారు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మీ మేడమే."

బస్సెక్కి, ఈరోజు ఊరు వద్దందని చెప్పాను. ఎందుకని ఒకావిడ అడిగితే చెప్పాను. దిగి బస్సు వెనక్కి తిప్పించాను. నేను మళ్లీ ఎక్కబోతుంటే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వు రా" అన్నాడు. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాను. ఆయన ముందు, నేను వెనక. అవతలి ఒడ్డున ఊరి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, మా కోసం చూస్తూ.