తవుడుకు కొన్న బిడ్డ

మా ధర్మవరంలో మగ్గాలకు అచ్చు అతికే రామాంజినమ్మను కోర్టు కాగితాల్లో ‘బిడ్డను వదిలేసిన తల్లి’ అని రాశారు. ఆ మాట ఆమెకు చదివి వినిపించింది నేనే. ఆ వీధిలో చిల్లర అంగడి పెట్టుకున్నవాణ్ణి, నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి కాబట్టి ఆ పాపం నాకు చుట్టుకుంది.

అచ్చు అతకడమంటే, నేత అయిపోయిన పోగుల చివర్లకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టడం. వేల పోగులుంటాయి. ఒక్కటి తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. అంత ఓపిక గల మనిషి బిడ్డను వదిలేసిందంటే నేను చచ్చినా నమ్మను.

ఆమెకు మొదటి ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పు నాటికి మొగుడు నాగేశ్వర బెంగళూరు పోయి మళ్లీ మొహం చూపించలేదు. ఆడపిల్ల పుట్టింది. పిల్లలు దక్కని ఇళ్లలో ఎప్పటినుంచో చేసేదే ఆమె కూడా చేసింది. పసిగుడ్డును చేటలో పెట్టి తిప్ప మీద, అదే చెత్తకుప్ప మీద, ఉంచింది. వెనక వీధి ముసలామె బయమ్మ వచ్చి, దొరికిన బిడ్డలా ఎత్తుకుంది. ఆమెకు చేటెడు తవుడు ఇచ్చి రామాంజినమ్మ తన బిడ్డను తానే కొనుక్కుని తిప్పమ్మ అని పేరు పెట్టింది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు కూడా పక్కకు పోతుందని నమ్మకం. పుట్టువెంట్రుకలు తీసేదాకా ఎవరడిగినా ‘తిప్ప మీద దొరికింది’ అనే చెప్పాలి.

పాపకు ఏడాదిన్నర ఉండగా, పుట్టువెంట్రుకలు ఇంకా తీయకముందే, రామాంజినమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరి నెలల తరబడి అనంతపురం ఆసుపత్రిలో పడి ఉంది. బిడ్డను బయమ్మ దగ్గర వదిలింది. ముసలామె ఎవరి బిడ్డనో పెట్టుకుందని ఏ పుణ్యాత్ముడో ఫోన్ చేస్తే పిల్లల సంక్షేమం చూసే అధికారులు వచ్చారు.

“ఎవరి పాపమ్మా?” అని అడిగారు.

“తిప్ప మీద దొరికింది సామీ. తవుడుకు అమ్మినా” అంది బయమ్మ. రామాంజినమ్మ పేరు మాత్రం పెదవి దాటనివ్వలేదు. బిడ్డ బతకాలని నోరు కుట్టేసుకుంది పిచ్చి ముసలిది.

వాళ్లు అదే రాసుకుని పాపను శిశుగృహానికి తీసుకుపోయారు. తిండి పెట్టి పంపిస్తారులే అనుకున్న బయమ్మ, ఆసుపత్రికి ‘పాప బాగుండాది’ అని కబురు చేసింది. తర్వాత పేపర్లో ఫొటో వేశారు. బిడ్డ తాలూకు వాళ్లు రెండు నెలల్లో రావాలట. మా వీధికి పేపర్లో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఆ పేపరు మా అంగడికీ వచ్చి ఉంటుంది. చూసుకోకుండా అందులో శనగపప్పు పొట్లం కట్టేసి ఉంటాను. ఎవరినని తిట్టను?

గడువు దాటింది. పాపను ఎవరో దంపతులకు దత్తత ఇచ్చారు. ఆ తర్వాత రామాంజినమ్మ లేచి వచ్చింది, కోర్టుకెక్కింది. సర్కారు తరఫున ఉచితంగా వాదించే వకీలు అరుణజ్యోతి పాపం గట్టిగానే కొట్లాడింది. రక్తపరీక్షలో ఈమే తల్లి అని తేలింది కూడా. కానీ అప్పటికే పాప ఆ దంపతుల ఇంటికి పోయి రెండేళ్లు గడిచాయి.

“తవుడుకు అమ్మిన మాట నిజమేనా?” అని జడ్జిగారు అడిగారు.

“నిజమే సార్. కొనుక్కునిందీ నేనే.”

రెండో మాట ఎవరికీ ఎక్కలేదు. బిడ్డ ఆ ఇంట్లో అలవాటు పడింది, వాళ్లనే అమ్మానాన్న అంటోంది, వదిలేసిన తల్లి అంగీకారం అక్కర్లేదు అని తీర్పు. రూలు ప్రకారం ఎవరూ తప్పు చేయలేదు. నా కడుపు మంట కూడా అదే.

కోర్టు వరండాలో అరుణజ్యోతి ఆమె భుజం పట్టుకుని, “పాప బాగుందమ్మా, ఆ ధైర్యంతో ఉండు” అంది.

“ఏ ఊర్లో ఉండాది మేడం?”

“అది చెప్పకూడదు. అడగనూ కూడదు.”

రామాంజినమ్మ, తోడు వచ్చిన నావైపు తిరిగింది. “సచ్చిపోయిన ఇద్దర్నీ యాడ పూడ్చినానో నాకు తెల్సన్నా” అంది. “బతికినది యాడుందో అడగగూడదంట.”